దెబ్బ తర్వాతి మనిషి

మొన్న మంగళవారం పొద్దున పదకొండు గంటలప్పుడు మా పెద్దబాపు పోయాడు. నేను మడికొండలో ఆఫీసులో ఉండగా పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెద్దబాపు కుర్చీల కూసోని పేపర్ సూస్తాండు బిడ్డా. చాయ్ ఇస్తే తీసుకుంటలేడు," అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. జరిగిందేమిటో ఆమెకు తెలుసని, ఆ మాట తన నోటితో అనలేక అలా చెప్పిందని నాకు అర్థమైంది. ఆటో పట్టుకొని వెళ్లేసరికి పేపరు ఇంకా ఆయన ఒళ్లోనే ఉంది. గుండె ఆగిపోయిందని పక్క వీధి డాక్టరు వచ్చి చెప్పాడు. ఆయనకు అరవై తొమ్మిదేళ్లు.

ఈ శీర్షికలో వారం వారం నేను చూసిన సినిమాల గురించి రాస్తుంటాను. యాక్షన్, దయ్యం, ప్రేమ, కామెడీ అని తేడా లేకుండా అన్నీ చూస్తాను, తోచింది రాస్తాను. ఈ వారం ఏ సినిమా గురించీ రాయడం లేదు. బదులుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. మీరు మెచ్చుకుంటూ జవాబులు రాసిన అభిప్రాయాల్లో సగానికి పైగా నావి కావు. మా నాన్నకు అన్న అయిన ఈ పెద్దబాపువి.

ఆయన ప్రభుత్వ దవాఖానలో, క్యాజువాలిటీలో, ముప్పై ఏళ్లకు పైగా డ్రెస్సర్‌గా పనిచేశాడు. గాయం కడగడం, కట్టు కట్టడం, డాక్టరు కుట్లు వేస్తుంటే మనిషి కదలకుండా పట్టుకోవడం ఆయన పని. కత్తిపోట్లు, గొడ్డలి దెబ్బలు, లారీ చక్రాల కింద నలిగిన కాళ్లు, పత్తి మిల్లులో తెగిన వేళ్లు రోజూ ఆయన చేతుల మీదుగా పోయేవి. డ్యూటీ దిగాక మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కొని, చొక్కా మార్చుకొని, నేరుగా సినిమాకు పోయేవాడు. పెద్దమ్మకు ఇది ఎప్పుడూ అంతుబట్టలేదు. దినమంతా నెత్తురు చూసి, మళ్లీ నెత్తురు చూడ్డానికి టికెట్ కొనడమేమిటని అడిగేది. అక్కడ చూసేది నెత్తురు, ఇక్కడ చూసేది రంగు, జర మనసు తేలికైతదని ఆయన జవాబు.

ఆయన రిటైరయ్యాక, నాకు ఉద్యోగం వచ్చాక, శనివారం పొద్దుటి ఆట మాకు అలవాటైంది. మాతో పాటు మూడో మనిషి టైలర్ భాయ్. పెద్దబాపుకు చాలా ఏళ్ల దోస్తు. వరంగల్‌లో బట్టల బజారు వెనక సందులో ఆయనకు చిన్న దుకాణం. ఎడమ కన్ను లేదు. కుర్రతనంలో సినిమా హాల్లో జరిగిన కొట్లాటలో పోయింది. ఆ సంగతి నవ్వుతూ చెప్పేవాడు, ఒక కన్ను మా హీరోకు ఇచ్చిన, రెండోది నాకు ఉంచుకున్న అని. హాల్లో పెద్దబాపు ఎప్పుడూ భాయ్‌కి ఎడమ పక్కనే కూర్చునేవాడు. కనపడని పక్కన ఎవరైనా తగిలి పడేస్తారని, అందుకని.

పెద్దబాపు సినిమాను దెబ్బను బట్టి అంచనా కట్టేవాడు. కిందటేడు ఒక పెద్ద సినిమాలో హీరో బొగ్గు గనిలో గొడ్డలి పట్టుకొని నలభై మందిని నరుకుతాడు. హాలంతా కాగితాలు ఎగరేసింది. బయటికి రాగానే పెద్దబాపు అన్నది ఇది. "ఒక్కసారన్న గొడ్డలి బొక్కల ఇరుక్కోలే బిడ్డా. ఇరుక్కున్న గొడ్డలి గుంజాలంటే మనిషి మీద కాలు పెట్టి తొక్కాలె. గంత తేలిగ్గ రాదు." ఆ వారం నేను, ఈ హీరో గొడ్డలికి ఇంతవరకు ఎముక ఎదురుపడలేదు అని రాశాను. మీలో చాలామంది ఆ వాక్యాన్ని నలుగురికి పంపుకున్నారు.

కుళాయి తిప్పితే రక్తం వచ్చే దయ్యం సినిమాకు తీసుకెళ్తే సగంలో నిద్రపోయాడు. కానీ అందులో ఒక చిన్న దృశ్యం ఆయనకు నచ్చింది. బయట మొగుడి బండి ఆగిన చప్పుడు వినగానే, కూర కలుపుతున్న భార్య చెయ్యి ఆగిపోతుంది. దయ్యం రావడానికి ఇంకా అరగంట ఉంది. ఆ సినిమాలో భయం అదొక్కటేనని, మిగిలినదంతా మేకప్పని ఆయన తేల్చేశాడు. బాత్‌రూంలో జారి పడ్డానని చెప్పుకొనే ఆడవాళ్లను ఆయన వందలమందిని చూశాడు. జారి పడ్డ మనిషికి నాలుగు వేళ్ల వాతలు రావు కదా అనేవాడు.

ఒక ప్రేమ సినిమాలో హీరో హీరోయిన్ చెంప పగలగొడతాడు. ఆమె కిందపడుతుంది, ఆ తర్వాతే అతని మీద ప్రేమ పుడుతుంది. ఆ దెబ్బకు హాల్లో ఈలలు మోగాయి. పెద్దబాపు లేచి నిలబడ్డాడు. వెనక వాళ్లు కూర్చోమని అరిచారు. ఆయన తెరకు వీపు పెట్టి, ఈలలు వేసిన వరసల్ని ఒక్కొక్కటిగా చూసి, బయటికి నడిచాడు. నాకు తెలిసి ఆయన కోపంతో సగంలో వదిలేసిన సినిమా అదొక్కటే. మెట్ల మీద కూర్చొని అన్నాడు, "గా చెంపలకు మందు రాసినోన్ని నేను. కూసొని ఎట్ల చూడాలె."

కామెడీ అంటే మాత్రం ప్రాణం పెట్టేవాడు. కామెడీలో పడ్డవాడు పడ్డచోట రుద్దుకుంటాడు, కుంటుతాడు, ఏడుస్తాడు, అందుకే అది నిజమని ఆయన వాదన. ఆయనకు అన్నిటికంటే నచ్చింది మాత్రం నాలుగు రోజులు కూడా ఆడని ఒక చిన్న సినిమా. ఊళ్లో భూమి తగాదాలో ఒకణ్ని వాళ్ల అరుగు మీదే నరికేస్తారు. నరకడం చూపించరు. మరుసటి పొద్దున అతని భార్య చీపురు, బకెట్ తెచ్చుకొని ఆ అరుగు కడుగుతుంది. రక్తం గడ్డకట్టింది, పోదు. గోటితో గీకుతుంది, మళ్లీ నీళ్లు పోస్తుంది. హాల్లో ఉన్న పదిమందీ విసుక్కున్నారు. పెద్దబాపు మరునాడు మళ్లీ వెళ్లి చూశాడు. ఆ డైరెక్టర్ ఎవలో గని ఎప్పుడో ఒకపాలి కడిగినోడే అన్నాడు. ఆయన నాకు నేర్పిన విమర్శ అంతా ఆ రోజు చెప్పిన మాటలోనే ఉంది. "దెబ్బ చూపియ్యి, తప్పు లేదు. దెబ్బ తర్వాత మనిషిని గూడ చూపియ్యి."

అంత పట్టుదల ఆయనకు ఎందుకో రెండేళ్ల కిందట తెలిసింది.

ఒక పెద్ద హీరో సినిమా విడుదల రోజు అది. తొలి రోజు గుంపుల్లోకి భాయ్ రాడు కాబట్టి పెద్దబాపు, నేను ఇద్దరమే హనుమకొండలో పొద్దుటి ఆటకు పోయాం. లోపల రెండు జట్ల అభిమానులు మొదటి నుంచీ తిట్టుకుంటూనే ఉన్నారు. ఇంటర్వెల్‌లో క్యాంటీన్ దగ్గర తోపులాట మొదలైంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల యువకుడు ఒకడు కూల్‌డ్రింక్ సీసాను గోడకేసి పగలగొట్టి ఎదుటివాడి కడుపు మీదికి పోయాడు. ఎదుటివాడు పక్కకు తిరిగాడు. గాజు అతని తొడలో, గజ్జ కింద దిగింది. సీసా బయటికి వచ్చేసరికి రక్తం పైకి ఎగజిమ్మింది. ఎదురుగా ఉన్న అద్దాల బల్ల మీద, సమోసాల మీద, ఒకావిడ చేతిలో ఉన్న పాప్‌కార్న్ డబ్బా మీద పడింది. అతను ఒకటి రెండడుగులు వేసి కూలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు వెనక్కి జరిగారు. జరిగి, ఫోన్లు తీశారు.

పెద్దబాపు ఎప్పుడు నా పక్కనుంచి కదిలాడో చూడలేదు. అప్పటికే అతని పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. పిడికిలి గజ్జలో పెట్టి ఒంటి బరువంతా దాని మీద వేశాడు. నా చున్నీ అడిగి గాయంలోకి కుక్కాడు. రక్తం ఆయన మోచేతుల దాకా వచ్చింది. ఆయన వయసు అరవై ఏడు. కాసేపటికే భుజాలు వణకడం కనిపించింది. నన్ను అంబులెన్సుకు ఫోన్ చేయమన్నాడు.

పొడిచినవాడు అక్కడే ఉన్నాడు. పగిలిన సీసా మెడ చేతిలోనే ఉంది, కదలడం లేదు. అవతలి జట్టు వాళ్లు అతని మీద పడ్డారు. ఒకడు మూతి మీద గుద్దితే పళ్లు రక్తమయ్యాయి, ఇంకొకడు వీపు మీద తన్నాడు. అప్పుడు పెద్దబాపు తల ఎత్తాడు.

"వాన్ని కొట్టకుండ్రి. నాకు వాని చేతులు కావాలె."

గొంతు పెద్దది చేయలేదు. కానీ కొడుతున్నవాళ్లు ఆగారు. ఆయన ఆ యువకుణ్ని చూసి, సీసా కింద పెట్టి రమ్మన్నాడు. అతను వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చోమంటే కూర్చున్నాడు. పెద్దబాపు అతని రెండు చేతులూ పట్టుకొని ఆ గాయం మీద పెట్టించాడు. "ఒత్తు. ఇంక గట్టిగ ఒత్తు. వాడు అరిచినా తియ్యకు. నువ్వు తీస్తే వాడు సస్తడు, గంతే."

అంబులెన్సు రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. అంతసేపూ ఆ యువకుడు ఒత్తి పట్టుకునే ఉన్నాడు. నోటి నుంచి కారుతున్న తన రక్తం చేతుల మీద పడి, తను పొడిచినవాడి రక్తంతో కలుస్తోంది. ఏడుస్తున్నాడు, చేతులు తీయడం లేదు. స్ట్రెచర్ ఎక్కించినప్పుడు కూడా పెద్దబాపు అతన్ని చేతులు తీయనివ్వలేదు. అలాగే బండి ఎక్కించాడు. పోటు తిన్నవాడు బతికాడు, ఇప్పుడు కొంచెం కుంటుతాడు. పొడిచినవాడి మీద కేసు నడుస్తోంది. పొడిచింది అతనేనని, గాయం ఒత్తి పట్టుకున్నది కూడా అతనేనని పెద్దబాపు పోలీసులకు రెండూ రాయించాడు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చాం. ఆయన పెరట్లో కుళాయి కింద చేతులు కడుక్కుంటున్నాడు. నేను సబ్బు అందిస్తున్నాను. చేతులు శుభ్రమయ్యాక కూడా కడుగుతూనే ఉన్నాడు.

"నేను ఉరికిన బిడ్డా," అన్నాడు.

ఎప్పుడని అడిగాను. అప్పుడు చెప్పాడు. ఆయనకు పంతొమ్మిదేళ్లప్పుడు తమ హీరో పోస్టర్ మీద ఎవరో పేడ కొట్టారని హాల్లో కొట్లాట మొదలైంది. ఆయన చేతిలో గోలీసోడా సీసా ఉంది. ముందున్న ఒకడు ఇటు తిరిగీ తిరగకముందే ఈయన అతని ముఖం మీద కొట్టాడు. సీసా పగిలింది. అవతలి మనిషి రెండు చేతులతో ముఖం మూసుకున్నాడు, వేళ్ల సందుల్లోంచి రక్తం దిగింది. సీసాలోని గోలీ దొర్లుకుంటూ వచ్చి పెద్దబాపు కాలికి తగిలింది. కొట్టింది ఎవరో ఆ గొడవలో ఎవరూ చూడలేదు. ఆయన పారిపోయాడు. కేసముద్రం పోయి మార్కెట్ యార్డులో ఏడాది పాటు బస్తాలు మోశాడు. తను కొట్టిన మనిషికి కన్ను పోయిందని అక్కడే విన్నాడు. తిరిగొచ్చి దవాఖానలో పనికి చేరాడు.

చాలా ఏళ్ల తర్వాత ఒక టైలరు, గోటిలో మిషన్ సూది విరిగిందని క్యాజువాలిటీకి వచ్చాడు. కట్టు కడుతూ పెద్దబాపు మాట కలిపి, కన్ను ఎట్ల పోయిందని అడిగాడు. అతను చెప్పాడు. ఏ హాలో, ఏ సినిమానో, ఏ ఆటో చెప్పాడు. కట్టు అయ్యాక, అన్నా సినిమాలు చూస్తవా, శుక్రవారం పోదామా అని అడిగింది కూడా ఆ టైలరే.

"పోయిన," అన్నాడు పెద్దబాపు. "అప్పటిసంది పోతనే ఉన్న. చెప్పలే. ఇయ్యాల గా పోరడు అన్ని దెబ్బలు తిని గూడ అక్కడ్నే కూసున్నడు. వాని కంటే నేను ఎట్ల నయం."

మరుసటి ఆదివారం నా స్కూటీ మీద ఆయన్ని భాయ్ దుకాణానికి తీసుకెళ్లాను. భాయ్ బల్ల దగ్గర నిలబడి గుడ్డ కొలుస్తున్నాడు. పెద్దబాపు కూర్చోలేదు. మూడు నాలుగు మాటల్లో చెప్పేశాడు.  ఏ చేత్తో కొట్టినవని భాయ్ అడిగాడు. పెద్దబాపు కుడి చెయ్యి చూపించాడు.

భాయ్ చేతిలో గుడ్డ కొలిచే చెక్క బద్ద ఉంది. దానితో కొట్టాడు. మొదటి దెబ్బకు పెద్దబాపు కనుబొమ్మ చీలింది. రెండోది చెవి మీద, మూడోది మెడ మీద. నేను అడ్డం పోబోతే పెద్దబాపు అరచేత్తో నన్ను వెనక్కి నెట్టాడు. తను మాత్రం చేతులు అడ్డం పెట్టుకోలేదు. ముఖమంతా రక్తమైంది. కుట్టడానికి పెట్టిన తెల్ల గుడ్డ మీద చుక్కలు పడ్డాయి. నాలుగో దెబ్బకు భుజం మీద బద్ద రెండు ముక్కలైంది. భాయ్ చేతిలో మిగిలిన ముక్కను చూసుకొని, మిషన్ ముందున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"దినాం నా ఎడమ దిక్కే కూసుంటివి గదా," అన్నాడు. "నాకు కనపడని దిక్కు. దోస్తువని నీ భుజం పట్టుకొని మెట్లు దిగిన."

 నేను పెద్దబాపును దవాఖానకు తీసుకెళ్తే కనుబొమ్మకు ఐదు కుట్లు పడ్డాయి. ఎట్ల తగిలిందని డ్యూటీలో ఉన్న డాక్టరు అడిగితే, కొట్టిండు, కొట్టేటంత పని నేను చేసిన, అని చెప్పాడు. కేసు రాయాలా అంటే వద్దన్నాడు.

ఆ తర్వాత ఏడు నెలలు ఇద్దరికీ మాటల్లేవు. శనివారాలు పెద్దబాపు నాతో వచ్చేవాడు, చూసేవాడు, ఏమీ అనేవాడు కాదు. ఎట్లుందని అడిగితే, ఉన్నది అనేవాడు. ఆ రోజుల్లో నా రాతలో ఉప్పు తగ్గిందని మీలో ఒకరిద్దరు రాశారు. నిజమే. అవి నేను ఒక్కదాన్నే రాసినవి.

ఒక శుక్రవారం సాయంత్రం భాయ్ పెద్దబాపు ఇంటికి వచ్చాడు. పెద్దబాపు లోపల ఉన్నాడని తెలిసీ, వాకిట్లో బియ్యం ఏరుతున్న పెద్దమ్మతోనే మాట్లాడాడు. రేపు పదకొండు గంటల ఆటకు రమ్మను వదినా అన్నాడు. వెళ్లబోయి ఆగి, "ఈసారి కుడి దిక్కు కూసోమను. నాకు కనపడాలె," అన్నాడు.

మర్నాడు నేనూ వెళ్లాను. ఇద్దరూ తొలి పాట దాకా మాట్లాడుకోలేదు. ఫైటు వచ్చినప్పుడు, ఒక్క గుద్దుకు పదిమంది గాల్లోకి లేస్తుంటే, భాయ్ తెర మీంచి ముఖం తిప్పకుండా, ఇట్ల లేస్తరా అని అడిగాడు. పెద్దబాపు లేవరన్నాడు. ఇంటర్వెల్‌కు ఇద్దరూ వాదించుకుంటున్నారు. క్షమించారా అని తర్వాత ఒకసారి నేను భాయ్‌ని విడిగా అడిగాను. "మాఫ్ చేసిన్నో లేదో నాకే తెల్వది బిడ్డా. సినిమా మాత్రం ఒక్కన్నే చూడబుద్ధి గాలే," అన్నాడు. మొన్న మంగళవారం పాడె మోసిన నలుగురిలో ఆయన ఒకడు.

పెద్దబాపు చూసిన చివరి సినిమా మూడు వారాల కిందటిది. పోలీసు కథ. అందులో హీరో స్నేహితుడి ఛాతీలో రెండు గుండ్లు దిగుతాయి. హీరో ఒళ్లో తల పెట్టుకొని, చెల్లెలి పెళ్లి గురించి, అమ్మ చేతి వంట గురించి చాలాసేపు మాట్లాడి చనిపోతాడు. ఆట వదిలాక పార్కింగ్‌లో ఇద్దరికీ పేచీ. చనిపోయేవాడు నాలుగు మాటలు చెప్పుకోవద్దా, లేకుంటే సినిమా ఎందుకు అని భాయ్ అంటాడు. ఛాతీలో గుండు దిగినోనికి మాట ఎక్కడిదని పెద్దబాపు. ఎట్ల పడతడో చెప్పు మరి అన్నాడు భాయ్.

పెద్దబాపు చెప్పులు విడిచి బండి పక్కన పెట్టాడు. మధ్యాహ్నపు ఎండలో, కాలుతున్న సిమెంటు నేల మీద, ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టుకొని ముందు ఒక మోకాలి మీదికి, తర్వాత రెండో మోకాలి మీదికి వచ్చాడు. ఏదో పోగొట్టుకున్నవాడిలా నేల వైపు చూశాడు. మెల్లగా పక్కకు ఒరిగి పడిపోయాడు. నిజమే అనుకొని పార్కింగ్ వాచ్‌మన్ ఉరికొచ్చాడు. బండ్లు తీస్తున్నవాళ్లు ఆగిపోయి చూస్తున్నారు. వెనక ఎవరో హారన్ కొడుతున్నారు. భాయ్ వంగి, ఆయన ముఖం దగ్గరగా తన ముఖం పెట్టి చూసి, నమ్మిన, ఇగ లే అన్నాడు.

పెద్దబాపు లేవలేదు. దుమ్ములో అలాగే పడుకొని, కళ్లు తెరవకుండానే, హారన్ కొట్టేవాళ్ల వైపు అరచెయ్యి ఎత్తాడు.

"జర ఆగుండ్రి. ఇంక అయిపోలే."